రేడియేటర్‌కి తాళం

కాశీరావు లారీ కంకిపాడులో మళ్లీ మరిగింది.

బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. వెనక ఐసు పెట్టెల్లో కలకత్తా పోవాల్సిన చేపలు. ఇంకో బండి దొరికేసరికి ఐసంతా నీరై రోడ్డు మీద పారింది. ఈసారి కాశీరావు కూడా బండిలోనే ఉన్నాడు. డ్రైవర్ పోలరాజు తల పట్టుకుని కాలవ గట్టున కూలబడ్డాడు. బండి ఇలా మొరాయించడం ఇది రెండోసారి.

లారీని ఎలాగో విజయవాడ ఆటోనగర్‌కి లాక్కొచ్చారు. మెకానిక్ అంతోని రేడియేటర్ మూత తీసి లోపల వేలు పెట్టాడు. చల్లారిన గంజిలా చిక్కటి మడ్డి వేలికి అంటుకుంది. ఆయన మొహంలో నవ్వు పోయింది.

అది ఏదో హార్బరు పనుల కోసం ఓడలో వచ్చిన విదేశీ బండి. పనులయ్యాక వేలంలో కాశీరావు కొన్నాడు. బందరు పక్కన గిలకలదిండిలో, తాతల నాటి నుంచి పడవలు తప్ప ఎరగని ఇంటికి వచ్చిన మొదటి లారీ. దాని రేడియేటర్‌లో మంచినీళ్లతో ఒక పచ్చమందు కలిపి పోయాలి. అందులో ఇంకేం పడినా, పాలల్లో నిమ్మరసం పిండినట్టు విరిగిపోతుంది.

"పడకూడనిదేదో పడిందండీ ఇందులో," అన్నాడు అంతోని. "వేరే కంపెనీ మందు అయ్యుంటుంది. రెండిటికీ పడదు."

వెతికితే డ్రైవర్ సీటు కింద ఎర్రమందు డబ్బా దొరికింది. సగం ఖాళీ.

పోలరాజు కాశీరావుకి సొంత మేనమామ కొడుకు. చిన్నప్పటి నుంచి ఇద్దరూ ఒకే పడవలో వల లాగినవాళ్లు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు.

"నేనే పోశాను బావా. మొదటిసారి మరిగినప్పుడు నీళ్లు తగ్గాయని, ఏలూరులో కొని పోశాను. అంతకుముందు ఆ మూత జోలికే పోలేదు."

దొంగ దొరికాక మిగతా మాటలు ఎవరు వింటారు? కాశీరావూ వినలేదు. తాళాలు ఇచ్చేసి ఇంటికి పొమ్మన్నాడు. పోలరాజు బందరు బస్సెక్కాడు.

అంతోని పనిలో దిగాడు. మడ్డినంతా కిందికి దించేశాడు. బట్టల సోడా కలిపిన నీళ్లు పోసి ఇంజిన్ వేడెక్కేదాకా తిప్పాడు. వదిలేస్తే తుప్పు నీళ్లు వచ్చాయి. మళ్లీ పోశాడు, మళ్లీ తిప్పాడు. గొట్టాలు ఊడదీసి, కింద నుంచి పైకి ఎదురు నీళ్లు కొట్టాడు. ఆఖరికి తాగే నీళ్లలా తేటగా వచ్చాక, కొత్తగా పచ్చమందు కలిపి నింపాడు.

"కంకిపాడులో ఆగింది కాబట్టి బతికిపోయారు కాశీరావు గారూ," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "మడ్డి మళ్లీ కట్టిందా, ఈసారి ఆవిరితో పోదు. ఇంజిన్ పట్టేసుద్ది. వెనక చక్రాలు బిగుసుకుంటయ్. స్పీడు మీదున్నప్పుడు, ఏ గోదావరి బ్రిడ్జి మీదో అట్టా అయిందనుకోండి..."

మిగతాది చెప్పకుండా సిలువ గుర్తు వేసుకున్నాడు.

కాశీరావు అప్పటికప్పుడు రేడియేటర్ మూతకి కొక్కెం వెల్డింగ్ చేయించి, తాళం వేయించాడు.

ఇంటికొచ్చి సంగతంతా చెప్పేసరికి అతని తల్లి కొండలమ్మ శివాలెత్తిపోయింది. మేనల్లుణ్ని పిలిపించి, నా కొడుకుని చంపబోయావు, నా గడప తొక్కొద్దని మొహం మీదే అనేసింది. పోలరాజు కళ్లనీళ్లు పెట్టుకున్నా ఆవిడ కరగలేదు.

ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. ఆ ఇంట్లో పడవ బయల్దేరే ముందు పసుపు, బొట్టు, నిమ్మకాయలు అయ్యాక ఆఖరి పూజ ఒకటుంటుంది. అది ఇంటి పెద్ద ఆడది ఒంటరిగా చెయ్యాలి. ప్రయాణం పోయేవాళ్లు చూడకూడదు. ఒకనాడు ఆవిడ జ్వరంతో మంచం దిగలేక ఆ పూజ చెయ్యలేదు. ఆ రోజు వేటకి వెళ్లిన మొగుడు మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ఒక్క ప్రయాణానికీ తప్పించలేదు. లారీ వచ్చాక అదీ ఆవిడకి పడవే అయింది.

మర్నాటికి కొత్త లోడు సిద్ధమైంది. స్టీరింగ్ ఈసారి కాశీరావే పట్టుకుంటున్నాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంచాలా అని అతను పెద్దగా ఆలోచించలేదు.

"బయల్దేరేదాకా నీ కొంగున కట్టుకోమ్మా. దేవుడొచ్చి అడిగినా ఇవ్వకు."

"నా పేణం పోయినా ఇవ్వన్రా," అంది కొండలమ్మ.

రాత్రంతా లారీ ముందే మంచం వేసుకుని కాపలా కాసింది.

తెల్లవారింది. ఐసు పెట్టెలు ఎక్కించి పట్టా బిగించారు. పోలరాజు దూరంగా ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను తోడుగానైనా తీసుకుపొమ్మని ఎవరితోనో కబురు పెట్టాడు. కాశీరావు తల అడ్డంగా ఊపాడు. కానీ లోపల ఎక్కడో పీకింది.

కొండలమ్మ రేవులో స్నానం చేసి, తడిబట్టలతో, ఇత్తడి చెంబు పట్టుకుని వచ్చింది. బానెట్‌కి పసుపు పూసింది. బొట్లు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది.

ఆ తర్వాత ఎప్పటిలాగే అందర్నీ వెనక్కి పొమ్మంది. కాశీరావు, మిగతా మగాళ్లూ లారీ వెనక్కి వెళ్లి, మొహాలు సముద్రం వైపు తిప్పుకుని నిలబడ్డారు.

కొండలమ్మ బంపరెక్కి, కొంగుముడి విప్పి, తాళం తీసి, లారీ కొన్న నాటి నుంచి ప్రతి ప్రయాణానికీ పోస్తున్నట్టే, గంగమ్మ తన కొడుకుని కాపాడాలని దణ్ణం పెట్టుకుంటూ, చెంబుడు సముద్రపు నీళ్లు రేడియేటర్‌లో పోసింది.