లిస్టులో డొడ్ లేడు

"మళ్లీ ఇటే వచ్చారా! ఇది ఆటగాళ్ల గేటు పెద్దాయనా. ఎన్ని శనివారాలు చెప్పాలి?"

గేటు దగ్గర కాపలా ఉన్న కర్స్టీకి చిరాకు నషాళానికంటింది.

వాన కురుస్తోంది. ముసలాయన టోపీ మీంచి నీళ్లు కారుతున్నాయి. ఎడమ మోకాలు పట్టుకుని నిలబడ్డాడు.

"అలవాటు తల్లీ. కాళ్లు ఇటే లాక్కొస్తాయి."

"ఇంతకీ మీ పేరు?"

"డొడ్."

కర్స్టీ గ్లాస్గో పిల్ల. ఉత్తరాన ఉన్న ఈ చేపల రేవుకి వచ్చి మూడు నెలలే అయింది. ఇక్కడివాళ్ల మాటలు సగం అర్థం కావు, పేర్లు అసలే అర్థం కావు. లిస్టంతా వేలు పెట్టి వెతికింది.

"డొడ్ లేడు."

"బతికినన్నాళ్లూ ఇటే రమ్మని పాత ఛైర్మన్ నా చేతిలో చెయ్యేసి చెప్పాడు."

"అయితే ఆయన్ని పిలవండి."

"పోయాడుగా."

"బాగుంది సంబడం! చుట్టూ తిరిగి టికెట్ల గేటుకి వెళ్లండి."

ఆయన బుద్ధిగా తలూపి కుంటుకుంటూ వెళ్లాడు. అదీ ఆమెకి చిరాకే.

లిస్టులో చివరి పేరు జార్జ్ మెల్‌డ్రమ్. ఎదురుగా 'జీవితాంతం' అని ఉంది. ఇరవై ఒక్కేళ్లు ఈ ఒక్క ఫుట్‌బాల్ క్లబ్‌కే ఆడాడు. గ్లాస్గో పెద్ద క్లబ్ మూడుసార్లు పిలిచినా కదల్లేదు. ఆ పెద్ద క్లబ్ అభిమాని అయిన కర్స్టీ వాళ్ల నాన్న ఇప్పటికీ ఆ సంగతి తలచుకుని పళ్లు నూరుతాడు. ఒక్కసారి ఆ జార్జ్ గారి చెయ్యి పట్టుకుని, ఆ ముచ్చట నాన్నకి చెప్పాలనే ఆమె ఈ గేటు పనికి ఒప్పుకుంది.

"మెల్‌డ్రమ్ గారు అసలు రారా?" అని క్లబ్ సెక్రటరీని నిలదీసింది.

"ప్రతి శనివారం స్టాండులో కూర్చుంటాడే!"

"మరి నా గేటు మీదుగా ఒక్కసారీ రాలేదేం?"

"నాకేం తెలుసు?" అంటూ సెక్రటరీ మాంసం కూరిన రొట్టె కొరుక్కుంటూ వెళ్లిపోయాడు.

గొప్పవాళ్లకి మన గేటు లోకువ కాబోలు అనుకుంది. ఉక్రోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాతి శనివారం డొడ్ రాలేదు. హమ్మయ్య, పీడ వదిలిందనుకుంది.

సోమవారం సెక్రటరీ ఫోన్ చేశాడు.

"మెల్‌డ్రమ్ పోయాడు. శుక్రవారం ఆయన్ని చివరిసారి మైదానం చుట్టూ తిప్పుతారు. గేటు నువ్వే తియ్యాలి."

శుక్రవారం పొద్దున శవపేటికతో నల్ల కారు వచ్చి ఆగింది. కర్స్టీ గేటు రెండు తలుపులూ బార్లా తెరిచింది.

"జార్జ్ గారి చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలని ఎంత ఆశపడ్డానో!" అంది, కారు దిగిన ఆయన భార్యతో.

"జార్జా? ఈ ఊళ్లో జార్జ్‌లందరూ డొడ్‌లే తల్లీ," అని ముసలామె కారు అద్దం మీద మెల్లగా తట్టింది. "పద డొడ్, ఇవాళ గేటు తీశారు."