గాజు ఉన్నదే కావాలి

అద్దకం ఫ్యాక్టరీకి కొత్త స్టీమ్ ట్రాపులు ఎంచే పని ఆమెది. గొట్టాల్లో ఆవిరిని ఆపి, నీటిని మాత్రమే బయటికి వదిలే పరికరాలవి. ఫిట్టరు ఆమె సొంత అన్న.

"గాజు కిటికీ ఉన్నదే తెప్పించు. నీళ్లు పోతున్నాయో లేదో కంటికి కనిపిస్తుంది," అన్నాడతను మళ్లీ.

"ఇన్నాళ్లూ స్క్రూడ్రైవరు ట్రాపుకీ చెవికీ ఆనించి, చప్పుడు వినే చెప్పేవాడివిగా? ఇప్పుడు గాజెందుకు?"

అతను చూపు తప్పించాడు. అమ్మేవాళ్లు చెయ్యి తడిపారేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. తను సంతకం పెడితే అన్నాచెల్లెళ్లు కలిసి నొక్కేశారంటారు.

మధ్యాహ్నం బాయిలరు దగ్గర అతను వంగి నట్టు బిగిస్తుంటే, వెనక నుంచి అడిగేసింది.

"అన్నయ్యా, నిజం చెప్పు. వాళ్ల దగ్గర ఏమైనా తీసుకున్నావా?"

అతను స్పానరుని ఇంకో నట్టుకి మార్చాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

అంతలో సేఫ్టీ వాల్వు తెరుచుకుని చెవులు పగిలేలా అరిచింది. ఆమె ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. అతను తలైనా ఎత్తకుండా నట్టు బిగిస్తూనే ఉన్నాడు.

ఆ మోత ఆగాక ఆమె చుట్టూ తిరిగి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"ఎప్పట్నుంచి అన్నయ్యా, వినపడ్డం లేదు?"

అతను ఆమె పెదవులనే చూస్తూ, "మీ వదినకి కూడా తెలీదు," అన్నాడు.

"గాజుదే తెప్పిస్తాను," అందామె, ఒక్కో మాటా అతనికి కనిపించేలా.