వాడు చూడలేదుగా

ఆయమ్మ ఎలుగుబంటి బొమ్మను బుట్టలోంచి తీసి బీరువాలో దాచడం టీచర్ కిటికీలోంచి చూసింది.

చేరి పది రోజులు కాలేదు, అప్పుడే చేతివాటం.

ఆయమ్మ పక్కనే బుంగమూతి నిలబడి ఉంది. నాలుగేళ్ళ పిల్ల. ఎవరితోనూ ఆడదు. ఎవరేం కట్టినా తన్నేస్తుంది. నెలాఖరుకి వేరే బడి చూసుకోమని టీచర్ ఆ పిల్ల తల్లికి చెప్పేసింది కూడా.

"గుండుగాడు బొమ్మను బుట్టలో పెట్టి నీళ్ళు తాగడానికెళ్ళాడు. వచ్చి ఎక్కడ వెతుకుతాడు?" ఆయమ్మ గుసగుసగా అడిగింది.

"బీరువాలో."

"వాడు చూడలేదుగా తల్లీ."

పిల్ల మొహం తిప్పుకుంది.

మర్నాడు బంతి. ఆ తర్వాత రంగుపెన్సిళ్ళు. రోజూ ఏదో ఒకటి దాచడం, పిల్ల చెవిలో ఏదో ఊదడం.

"ఏం నేర్పుతున్నావు దానికి?" టీచర్ నిలదీసింది.

"ఆటే టీచరమ్మా. ఎదుటివాళ్ళకి ఏం తెలుసో, ఏం తెలీదో కనిపెట్టే ఆట."

"దొంగలకి కావాల్సిందీ అదే."



శుక్రవారం రైలుబొమ్మ ఇంజిను కనబడలేదు. టీచర్ అందరి ముందూ ఆయమ్మ సంచి కుమ్మరించింది. అన్నం డబ్బా, కళ్ళజోడు, దువ్వెన. అంతే.

"అయినా సరే, సోమవారం నుంచి రాకు."

ఆయమ్మ కింద కూర్చుని దువ్వెన ఏరుకుంది. సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

సోమవారం గుండుగాడు చెక్కముక్కలతో వంతెన కడుతున్నాడు. బుంగమూతి అటు నడిచింది. తన్నేస్తుందని టీచర్ గబగబా వెళ్ళింది.

పిల్ల కాలెత్తలేదు. వంగి వాడితో అంది:

"ఇంజిను బల్ల వెనకాల ఉంది. నేనే దాచా. నువ్వు చూడలేదుగా, నీకు తెలీదు. తెస్తా ఉండు. నువ్వు వంతెన పట్టుకో."

టీచర్ ఉన్నచోటే ఆగిపోయింది.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ కడుతూనే ఉన్నారు. టీచర్ పిల్ల తల్లికి ఫోన్ చేసి, బడి మార్చక్కర్లేదని చెప్పింది.

సాయంత్రం పెద్ద మేడమ్ గదిలోకి వెళ్ళింది.

"తప్పు నాదే మేడమ్. ఆవిడను మళ్ళీ పిలిపించండి."

"శనివారమే ఫోన్ చేశాను. రానంది."

"అసలిదంతా ఎక్కడ నేర్చుకుందావిడ?"

"ఇంట్లోనేనట, కొడుకుతో ఆడీ ఆడీ."

"ఎవరా అబ్బాయి?"



"పన్నెండేళ్ళ క్రితం నలుగురితో కలవడం లేదని మనిద్దరం ఇక్కడి నుంచి పంపించేసిన పిల్లాడు."