జిరాఫీ కాళ్ళ కింద

ముసలమ్మ చెయ్యి ఊపలేదు. అయినా మషార్ బండి ఆపాడు.

"ఎందుకాపావ్?" అన్నాడు వెనక సీట్లోంచి నజీబ్.

"ఎడారిలో నడిచే మనిషిని దాటిపోతే మావాళ్ళు నన్ను టీకి కూడా పిలవరన్నా."

ముసలమ్మ నల్లబట్ట సర్దుకుని ఎక్కింది. ఒళ్ళో నీళ్ళ తిత్తి ఉంది. బండంతా మేక వాసన నిండింది. నజీబ్ అద్దం దించబోతే, భార్య వహీబా మోచేత్తో పొడిచింది.

"ఎక్కడికవ్వా?" అంది వహీబా.

"జిరాఫీ బండకి తల్లీ."

"మేమూ అక్కడికే. ఈ వయసులో బొమ్మలు చూడ్డానికా?" అన్నాడు నజీబ్.

"చూడ్డానికే నాయనా. ఏడాదికోసారి వచ్చి చూసుకుని పోతా."

నజీబ్‌కి ముచ్చటేసింది. అతనిది సముద్రం ఒడ్డున ఉన్న ఒరాన్ పట్నం. చలికాలం సెలవులొస్తే చాలు, ఈ ఎడారి ఊరు జానెత్ వచ్చి మషార్ బండి మాట్లాడుకుంటాడు. రాతిబొమ్మలు చూస్తాడు. వాటి పక్కన ఈ కాలం వాళ్ళు రాసిన పిచ్చిరాతలు కడిగేస్తాడు. వహీబా ఫోన్‌లో ‘ముందు’ అని ఒక ఫోటో, ‘తరవాత’ అని ఒక ఫోటో తీస్తుంది. చేసేది మంచిపనే. కాకపోతే మనిషి తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

ఇసుక మెత్తబడ్డ చోట బండి ఆగింది.

"మీరు నడవండి. నేను టీ పెట్టి తెస్తా," అన్నాడు మషార్.

గొడుగులా వంగిన బండ నీడలో జిరాఫీ నిలబడి ఉంది. మనిషికంటే ఎత్తు. ఎన్ని వేల ఏళ్ళ కిందట చెక్కారో, మెడ మీద మచ్చలు ఇప్పటికీ లెక్కపెట్టచ్చు. దాని కాళ్ళ కింద బొగ్గుతో గీసిన సున్నాలు, చుక్కలు, అడ్డగీతలు ఉన్నాయి.

ముసలమ్మ నేరుగా వెళ్ళి ఆ కాళ్ళ ముందు కూర్చుంది. తలెత్తలేదు.

"అవ్వా, బొమ్మ పైన ఉంది."

"నాకిది చాలు నాయనా."

వహీబా ‘ముందు’ ఫోటో తీసింది. నజీబ్ బ్రష్ బయటికి తీశాడు.

ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ఉండనీ. జిరాఫీకేం అడ్డం రావడం లేదుగా."

"ఇవాళ కాళ్ళ కింద వదిలితే రేపు ఇంకొకడు మెడమీద రాస్తాడవ్వా."

"మేకలు కాసే పిల్లలు. పొద్దుపోక రాసుకుంటారు."

"ఇది ఎవడు రాశాడో తెలుసా నీకు? పేరు చెప్పు, వదిలేస్తా. ఒట్టు."

ముసలమ్మ పెదవులు కదిలాయి. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"చెప్పవ్వా."

"ఆ పేరు నా నోట రాదు నాయనా."

"రాదంటే తెలీదనేగా," అని నవ్వి, నజీబ్ పని మొదలుపెట్టాడు.

పొడిబ్రష్‌కి బొగ్గు కదల్లేదు. చెమటలు పట్టాయి, గొంతు ఎండింది. సీసా బండిలోనే ఉండిపోయింది.

"అవ్వా, కాసిని మంచినీళ్ళిస్తావా?"

"ఆవిడ నీళ్ళెందుకు? నేను తెస్తా ఉండు," అంది వహీబా.

అప్పటికే ముసలమ్మ తిత్తి మూతి విప్పింది.

"దాహమని అడిగాక లేదనకూడదు తల్లీ."

చెక్క గిన్నె నిండా పోసి రెండు చేతులతో ఇచ్చింది. నజీబ్ సగం తాగాడు. మిగతా సగం బండమీద చల్లాడు. బ్రష్ ఈసారి హాయిగా నడిచింది. బొగ్గు కరిగి నల్లగా కారింది. జిరాఫీ కాళ్ళు శుభ్రమయ్యాయి.

ముసలమ్మ గిన్నె తీసుకుంది.

"తాగడానికిచ్చాను నాయనా," అంది.

తడిసిన రాతి మీద అరచెయ్యి కాసేపు ఆనించి లేచింది.

"ఉండవ్వా, బండిలో దింపుతాం," అంది వహీబా.

"వద్దు తల్లీ. ఇక నాకిటు పనిలేదు."

బండ చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. వహీబాకి మనసు చివుక్కుమంది. ‘తరవాత’ ఫోటో తీసింది గానీ చూసుకోలేదు.

మషార్ పళ్ళెంలో గ్లాసులు పట్టుకుని వచ్చాడు.

"అవ్వేది?"

"వెళ్ళిపోయింది."

"టీ తాగకుండానా?"

అవ్వ దేని ముందు కూర్చుందో చూడమని వహీబా ఫోన్ అతని చేతికిచ్చింది. మషార్ ‘ముందు’ ఫోటో పెద్దది చేసుకుని, పెదవులు కదుపుతూ చూశాడు.

"ఇది మా రాత వదినా. చిన్నప్పుడు మా అమ్మలు వేలు పట్టుకుని ఇసుకలో దిద్దిస్తారు."

"ఏం రాసుంది?"

"‘నేను...’" అని ఆగాడు. "ఇక్కడ పేరుంది. చదవను."

"ఏం?" అన్నాడు నజీబ్.

"వీడు లేడన్నా. కొన్నేళ్ళ కిందట లిబియా దారిలో బండి ఆగిపోయి, దాహంతో పోయాడు. పోయినవాళ్ళ పేరు మేం నోటితో అనం. కన్నవాళ్ళయితే అస్సలు అనరు."

నజీబ్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

వహీబా ఫోన్ లాక్కుని బండ మలుపు దాకా పరుగెత్తింది. అటంతా గులకరాళ్ళ నేల, అడుగులు కూడా పడలేదు. "అవ్వా" అని పిలిచింది. కొండే బదులు పలికింది. తిరిగొచ్చి ఫోన్ మళ్ళీ మషార్‌కిచ్చింది.

"మిగతాది చదువు," అన్నాడు నజీబ్, నేల చూస్తూ.

మషార్ చదివాడు.

"‘అక్షరాలు మర్చిపోయానని తిడతావుగా. వచ్చి చూసుకో అమ్మా, ఒక్క తప్పు లేదు.’"

జిరాఫీ కాళ్ళ కింద, ఆ అమ్మ పోసిన నీళ్ళ తడి ఇంకా ఆరలేదు.