మధ్యలో లేచి వెళ్ళిన మనిషి

ఇంకో పావుగంటలో సినిమా అయిపోతుందనగా మూడో వరసలో ఒకాయన లేచి నిలబడ్డాడు.

తలుపు దగ్గరున్న డైరెక్టర్ మనోజ్ఞ తలుపుకి అడ్డంగా జరిగింది.

ఫిల్మ్ నగర్‌లో ప్రివ్యూ సంగతి తెలిసిందే. అయ్యాక అందరూ వాటేసుకుని "అదిరింది" అనేవాళ్ళే. ఆ మాట ఎవరూ నమ్మరు. మధ్యలో లేచిపోయేవాడి వీపే అసలు రివ్యూ.

పైగా నిర్మాత వీరరాఘవయ్య ముందే చెప్పాడు.

"ఆఖర్లో ఒక్కడు లేచినా క్లైమాక్స్ మార్చేద్దాం అమ్మాయ్."

ఆమె కథ ఇదీ. క్రిస్మస్ నాడు బస్తీ కూల్చమని చెప్పి పడుకున్న బిల్డర్ దగ్గరికి, అతని బిల్డింగు మీంచి పడి చనిపోయిన మేస్త్రీ దెయ్యమై వస్తాడు. భయపెట్టడు. చెయ్యి పట్టుకుని తన గుడిసెకి తీసుకెళ్ళి అన్నం పెట్టిస్తాడు. తెల్లారేసరికి బిల్డర్ మారిపోతాడు.

"జనం దెయ్యాన్ని నమ్ముతారమ్మా, డబ్బున్నోడు మారాడంటే నమ్మరు. వాణ్ణి దెయ్యం చేత పీక నొక్కించు. విజిల్సే విజిల్స్!" అని వీరరాఘవయ్య వాదన.

ఇప్పుడా పెద్దమనిషి, ఎవరి తాలూకో ఏమో, తెల్ల చొక్కా వేసుకుని తలుపు దాకా వచ్చేశాడు.

"పావుగంటే సార్. కూర్చోండి, ప్లీజ్."

"కూసోలేనమ్మా. జర జరుగు."

"అన్నం తినే సీన్ కూడా నచ్చలేదా?"

"అది చూసే లేసిన."

మనోజ్ఞకి ఒళ్ళు మండింది.

"ఏసీ కార్లలో తిరిగేవాళ్ళకి బస్తీ అన్నం ఎలా దిగుతుంది లెండి!"

ఆయన ఆమె వంక చూశాడు.

"ఓ వారం ముందు చూపియ్యకపోతివి" అని, ఫోన్ చెవికి పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

వెనక నుంచి వీరరాఘవయ్య వచ్చాడు.

"చూశావుగా?"

మనోజ్ఞ తలూపింది. మారుస్తానని ఒప్పేసుకుంది.

మర్నాడే క్రిస్మస్. పొద్దున్నే బోరబండ వెళ్ళింది. సినిమా తీసింది అక్కడి బస్తీలోనే. కోర్టులకి సెలవని చూసుకుని, ఆ రోజే ఇళ్ళు కూలుస్తానని స్థలం ఓనర్ నిజంగానే బెదిరించి ఉన్నాడు. సామాన్లయినా మోసిపెడదామని వెళ్ళింది.

చూస్తే చర్చి ముందు కేకులు పంచుతున్నారు. షూటింగుకి ఇల్లిచ్చిన భూలక్ష్మి ఎదురొచ్చి ఆమె నోట్లో ఓ ముక్క కుక్కింది.

"పొక్లెయిన్ రాలేదా అక్కా?"

"రాలే! ఓనర్ నిన్న మాపటికే ఫోన్ చేసి వద్దన్నడంట."

"ఎందుకట?"

"ఏమో మరి. పొద్దుగాల ఒక్కడే వచ్చి గాడ నిలబడ్డడు. ఇప్పుడే పోయిండు."

"దండం పెట్టావా?"

"మా ఇండ్లు మాకు ఇడిసినందుకు దండమెందుకు? పట్టాలియ్యి, అప్పుడు పెడతా అన్న. చూద్దాం అనలె. ఇస్త అన్నడు."

అని పకపకా నవ్వింది భూలక్ష్మి.

"గల్లీ లీడర్ని చూడు, అంతా తనే చేసినట్టు అప్పుడే ఫ్లెక్సీ కట్టిండు!"

మనోజ్ఞ తలెత్తి చూసింది. వీరరాఘవయ్యకి ఫోన్ కలిపింది.

"సార్, క్లైమాక్స్ మార్చట్లేదు."

"ఏంటమ్మా, నీకు గానీ దెయ్యం పట్టిందా?"

ఫ్లెక్సీ నిండా లీడరే ఉన్నాడు. కింద మూలన 'స్థలదాత' అని రాసిన అరచేయంత బొమ్మలో మాత్రం, నిన్న ఆమె మాట పడి మెట్లు దిగిపోయిన తెల్ల చొక్కా మనిషి ఉన్నాడు.