ఆసక్తి లేని పిల్ల

“సంతకం పెట్టనంటే ఎలాగమ్మా? ఆర్నెల్లలో మీ అమ్మాయి ఒక్కసారైనా నోరు విప్పితే కదా!”

టీచరు కాగితాన్ని బల్లమీద పరిచి అరచేత్తో చదును చేసింది. ‘ఆన్‌లైన్ పాఠాలపై ఆసక్తి లేదు. ఏడో తరగతి మళ్లీ చదవాలి.’ ఇలాంటివి చీకటి పడేలోపు ఇంకా నాలుగిళ్లలో ఇవ్వాలి.

తల్లి అప్పుడే గోదాములో పని దిగి వచ్చింది. తాళంచెవి ఇంకా చేతిలోనే ఉంది.

“ఇదా నోరు విప్పనిది? ఓసారి జ్వరమొచ్చి ఇంట్లో పడున్నాను టీచరమ్మా. మీరు ప్రశ్న పూర్తిచెయ్యకముందే ఇది జవాబు అరుస్తుంటే నాకు కునుకు పడితే ఒట్టు!”

“పిల్లని వెనకేసుకురావాల్సిందే, కాదన్ను. కానీ నా చెవులు బానే పనిచేస్తున్నాయి.”

“మొన్నామధ్య మా అమ్మ కూడా పోయాక దానికి మాట్లాడ్డానికి మాత్రం ఎవరున్నారు? పొద్దున బయట తాళం వేసుకుని పోతే సాయంత్రమే తీస్తాను. అప్పటిదాకా దిక్కు మీ బడివాళ్లిచ్చిన ట్యాబే. కింద షాపువాళ్ల వైఫైతో పాఠాలొస్తాయంతే, ఫోను చేద్దామంటే దాంట్లో సిమ్ కూడా లేదాయె.”

పిల్ల గోడకి ఆనుకుని గోళ్లు గిల్లుకుంటోంది. కింద ఇనుము చెక్కే లేత్ మిషను షాపు మోతకి కిటికీ ఊచలు అదురుతున్నాయి.

“ఏదీ, ఆ ట్యాబు తే. నా ఎదురుగా మాట్లాడు,” అంది టీచరు, తన ఫోనులో క్లాసు తెరుస్తూ.

“గుడ్ ఈవెనింగ్ మేడమ్,” అంది పిల్ల ట్యాబులోకి వంగి. గొంతు గదిలో వినిపించింది. ఫోనులో వినిపించలేదు. నల్లటి గడిలో పిల్ల పేరు, పక్కనే మైకు బొమ్మ మీద ఎర్ర గీత.

టీచరుకి అప్పుడు గుర్తొచ్చింది. మొదటిరోజు ‘ఎవరింట్లోదమ్మా ఆ మోత?’ అని విసుక్కుని ఈ పిల్ల మైకు తనే మూసేసింది, మళ్లీ తను తెరిస్తే తప్ప తెరుచుకోకుండా. పిచ్చి బొమ్మలు పంపుతున్నారని మర్నాడు అందరికీ చాటింగూ ఆపేసింది. మైకు సంగతి ఇక గుర్తే రాలేదు.

“ఆ గీత ఉంటే వినపడదా మేడమ్?” అంది పిల్ల. “అందరికీ ఉంటుందనుకున్నా. నామీద కోపంతో మీరే పలకట్లేదనుకున్నా.”

టీచరు కాగితాన్ని పరపరా చింపేసింది. పిల్లని దగ్గరికి లాక్కుంది. “తప్పు నాదే తల్లీ. నిన్ను పై క్లాసుకి పంపే పూచీ నాది. నువ్వు అడిగినవాటిలో నేను జవాబివ్వనివి ఏమున్నాయో చెప్పు. ఇప్పుడే చెప్తాను.”

పిల్ల ఓసారి తల్లివైపు చూసింది.

“ఒక్కటే మేడమ్. ‘అమ్మమ్మ పడిపోయింది, ఊపిరాడట్లేదు, బయట తాళం ఉంది, ఎవర్నైనా పంపండి’ అని క్లాసంతా అరిచాను. చివర్లో మీరు, ‘శభాష్, ఈరోజు అందరూ ఎంత నిశ్శబ్దంగా విన్నారో’ అని వెళ్లిపోయారు.”