గడప ముందు ఆగిన ఆవు

ఆవు నుదుట అప్పటికే ఇంకెవరి ఇంటి బొట్టో ఉంది.

మంచులోంచి ముందు గంట వినిపించింది. తర్వాత కొమ్ములు కనిపించాయి. ఆ వెనక తాడు, తాడు చివర అనంతమ్మ.

వనస్థలిపురంలో కొత్తగా లేచిన ఆ కాలనీకి, మాఘమాసం ముహూర్తాలన్నింటికీ అనంతమ్మ ఆవు గంగే దిక్కు. ఆ తెల్లవారుజామున పక్కవీధిలో ఒక గృహప్రవేశం ముగించుకునే వచ్చింది.

చుట్టూ సగం కట్టిన ఇళ్ళు మంచులో తేలుతున్నాయి. స్తంభాల మీద ఇనుపచువ్వలు ఆకాశంలోకి మొలిచినట్టున్నాయి.

ఆ వీధిలో తలుపులున్న ఇల్లు ఒక్కటే. ఆ తలుపుల ముందు కలశం పట్టుకుని సీతామహాలక్ష్మి నిలబడింది. ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని నాలుగేళ్ళ లలితకుమారి, నిద్రమొహంతో.

గంగి గడపదాకా వచ్చింది. పసుపు వాసన చూసింది.

ఆగిపోయింది.

సీతామహాలక్ష్మి భర్త విశ్వేశ్వరరావు గడప పక్కన నిలబడి, చెయ్యి లోపలికి చాచి అరటిపండు చూపించాడు. ఆవు మెడ చాచి పండు అందుకుంది. కాలు మాత్రం కదపలేదు.

"బావగారూ, ప్లాను శాంక్షను కాలేదని దానికి తెలిసిపోయిందండోయ్!" అన్నాడు ఆమె తమ్ముడు చక్రపాణి.

అందరూ నవ్వారు. సీతామహాలక్ష్మి ఆవు కాళ్ళవైపే చూస్తోంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెయింట్లో దిగిన రోజు ఆమె పాలు పొంగించలేదు. స్టవ్వులో కిరసనాయిలు లేదు. రేపు చూద్దాంలే అనుకుంది.

ఆ ఇంట్లోనే పెద్దపిల్ల జ్వరంతో పోయింది.

డాక్టరు ఆ జబ్బుకేదో పేరు చెప్పాడు. ఆమెకా పేరు గుర్తులేదు. పొంగని పాలే గుర్తున్నాయి.

"ముహూర్తం దాటిపోతోందమ్మా. నేను మళ్ళీ చంపాపేట వెళ్ళాలి" అన్నారు పంతులుగారు.

విశ్వేశ్వరరావు చుట్టూ తిరిగొచ్చి ఆవును వెనకనుంచి నెట్టాడు.

"నెట్టకు సారూ, తంతది" అంది అనంతమ్మ.

సీతామహాలక్ష్మి ఆమె పక్కకు జరిగి గొంతు తగ్గించింది.

"అనంతమ్మా, నిజం చెప్పు. ఈ ఇంట్లో ఏదో ఉందనేనా అది ఆగింది?"

"నాకేమెరుక బిడ్డా. గచ్చు నున్నగున్నది. జారుతదని భయం, గదీ దాని బుగులు. నీ బుగులు నీది."

"ఇదివరకెక్కడైనా ఇలా ఆగిందా?"

"ఆగింది. ఆ మలుపుకాడి ఇంటి ముంగట గిట్లనే ఆగింది. వాళ్లు మంచిగనే ఉన్నరు."

అనంతమ్మ తాడును చేతికి చుట్టుకుంది.

"దాని పక్కింట్లకు ఉరుక్కుంట పోయింది. మస్తు ఖుషీ అయిండ్రు. ఇప్పుడా తల్లి కొడుకును ఏసుకొని దవాఖానల చుట్టే తిరుగుతుంది."

ఇద్దరూ మంచులోకి చూశారు. మలుపూ కనబడలేదు, ఆ ఇళ్ళూ కనబడలేదు.

"మరి దేవుడో?" అంది సీతామహాలక్ష్మి, చిన్నపిల్ల అడిగినట్టు.

అనంతమ్మ కాలిబొటనవేలితో గేటు ముందు మట్టిని గీరింది.

"గీడ మా జొన్నచేను ఉండె. ఏటా తొలి కంకులు మైసమ్మ తల్లికే పెడుతుంటిమి. ఏదీ చేను?"

"ఇప్పుడు మానేశావా?"

"ఎట్ల మానుత? బజార్ల కొనుక్కొచ్చి పెడుతున్న."

గంగి ఊపిరి తెల్లగా పొగలా లేచి గడప మీద కరిగిపోతోంది. తలుపుల అవతల గది చీకటిగా ఉంది. కొత్త సున్నం వాసన. ఎవరూ నవ్వని, ఎవరూ ఏడవని గది.

సీతామహాలక్ష్మి కలశం భర్త చేతుల్లో పెట్టింది. వంగి, కూతుర్ని చంకనెత్తుకుంది.

"అమ్మా, ఆవు రాదా?"

"దానిష్టం తల్లీ."

"అమ్మా, అమ్మా! ముందు గోవు వెళ్ళాలి!" పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి కేకేశారు.

ఆవు పక్కనుంచి, దాని వెచ్చటి పొట్టకు భుజం రాసుకుంటూ, ఆమె గడప దాటింది. ఏ కాలు ముందు పెట్టిందో చూసుకోలేదు.

లోపల స్టవ్వు నిండా కిరసనాయిలుంది. రాత్రే ఆమె పదేపదే ఊపి చూసుకుంది.

అగ్గిపుల్ల గీసింది. పాలగిన్నె పెట్టింది.

కాసేపటికి వెనక ఏదో చప్పుడైంది. గచ్చు మీద గిట్టలదో, మంచులోకి వెళ్ళిపోతున్న గంటదో.

సీతామహాలక్ష్మి తిరిగి చూడలేదు. పాలవైపూ చూడలేదు.

పిల్లను వెలుగులోకి తిప్పుకుని, కొంగుతో దాని కళ్ళలోని నిద్ర తుడుస్తోంది.